కొబ్బరినూనె మాత్రం వెయ్యకు

బుజ్జీ,

పొద్దున్నే మీ అమ్మ ఫోన్. నువ్వు వీడియో ఎడిటింగ్ కోసం పీసీ కొంటున్నావంట, అసెంబ్లింగ్ కూడా నువ్వే చేస్కుంటావంట. తనకేమో టెన్షన్, నాకేమో మా పిల్ల స్క్రూడ్రైవర్ పట్టిందని ఒకటే సంబరం, కానీ రాత్రంతా రెండర్ (అదే, ఎడిట్ చేసిన వీడియోని ఫైల్‌గా తయారుచేసే పని) పెట్టి పడుకుంటా అన్నావంట చూడు, ఆ మాటకి నా గుండె జారింది.

పార్టుల లిస్ట్ చూశా, ఓకే. నాలుగు పిన్నులుండే ఫ్యాన్లు తీస్కో. స్టిక్కర్, దాన్ని పట్టుకున్న పుల్లలు ఏ వైపు ఉంటే గాలి ఆ వైపు పోతది. ముందువి లోపలికి, వెనకది బయటికి, అంతే.

ఇప్పుడు అసలు సంగతి. 2001 డిసెంబర్, నేను సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో ఒక కంప్యూటర్ షాపులో పని నేర్చుకుంటున్నా. ఇంజినీరింగ్ ఫైనలియర్ పిలగాడు ఒకడు ప్రాసెసర్ ఫ్యాన్ గరగరమంటోందని డబ్బా పట్టుకొచ్చాడు. స్లీవ్ బేరింగ్ ఫ్యాన్ అది, ఇరుసు తిరిగేదంతా పల్చటి నూనె పొర మీదే, ఆ నూనె ఎండి దుమ్ము కలిస్తే ఇక అరుపే. కొత్తది స్టాక్ లేదు, నేనేమో హుషారుగా డబ్బా ఇంటికి తెచ్చి, స్టిక్కర్ పీకి, మధ్యలో చిన్న మూత తీసి, తలకి రాసుకునే కొబ్బరినూనె రెండు చుక్కలు వేశా. చప్పుడు మాయం. నన్ను మించినోడు లేడనుకున్నా.

పది రోజులకి బాగా చలి పెట్టిన పొద్దున వాడు మిషన్ ఆన్ చేసి టిఫిన్‌కి పోయాడు, తిరిగొచ్చేసరికి కాలిన వాసన. ఫ్యాన్ విప్పితే లోపల నూనె తెల్లగా నెయ్యిలా పేరుకునుంది. 24 డిగ్రీల కిందికి వస్తే గడ్డకట్టే నూనె కదా, నాకా బుద్ధి ఉండద్దా! వేడెక్కితే తనంతట తాను ఆగిపోయే ఏర్పాటు ఆ ప్రాసెసర్‌కి లేదు. వాడు తిట్టలేదు, "అన్నా, ప్రాజెక్ట్ సబ్మిషన్ ఉంది" అన్నాడంతే. కాలిపోయిన ప్రాసెసర్ బదులు కొత్తది నా జీతంలోంచి కొనిచ్చా, అయినా ఆ మొహం ఇంకా మర్చిపోలే.

ఇప్పటి ప్రాసెసర్లు వేడెక్కితే స్లో అవుతయి, ఇంకా ముదిరితే ఆఫ్ అవుతయి, తెలుసు నాకు. అయినా మొదటి నెల నువ్వు మెలకువగా ఉన్నప్పుడే రెండర్ పెట్టు, ముసలోడి చాదస్తం అనుకో. ఫ్యాన్లు బాల్ బేరింగ్‌వి గానీ ఫ్లూయిడ్ బేరింగ్‌వి గానీ అడుగు, ఫ్యాన్‌ని పడుకోబెట్టి బిగించే చోట స్లీవ్ వద్దేవద్దు, తొందరగా అరుగుతది. అరిస్తే మార్చెయ్, రిపేర్లు పెట్టకు. మీ కూకట్‌పల్లిలో కిటికీ తీస్తే దుమ్మే, బ్లోయర్ కొట్టాల్సొస్తది, కొట్టేటప్పుడు రెక్కని వేలితో పట్టుకో తల్లీ, వదిలేస్తే గిర్రున తిరిగి బేరింగ్ పోతది, పైగా ఆ మోటరే డైనమోలా బోర్డు మీదికి కరెంట్ తోస్తది.

ఆదివారం వస్తా, నేనొచ్చేదాకా స్విచ్ వెయ్యకు. నూనె సంగతి మీ అమ్మకి చెప్పకు, ఆ సీసా తనదే.

మామయ్య