లండన్‌లో తొలి జీతం పడేదాకా

2016 నుంచి 2024 దాకా నేను లండన్‌లో ఉద్యోగం చేశాను. అది తెలిసి ఈ నెల అక్కడికి వెళ్లేవాళ్లే ఎక్కువగా రాశారు. కాబట్టి ఈసారి శీర్షికంతా వాళ్లకే.

ప్రశ్న: మేడం, నాకు లండన్‌లో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం వచ్చింది. స్కిల్డ్ వర్కర్ వీసా చేతికొచ్చింది. వచ్చే నెల 20న చేరాలి. ఒక్కణ్నే వెళ్తున్నాను. జాకెట్టు కొనుక్కో, కుక్కరు పెట్టుకో అని చెప్పేవాళ్లే గానీ, డబ్బు ఎంత పట్టుకెళ్లాలో సరిగ్గా చెప్పేవాళ్లు లేరు. టెన్షన్‌గా ఉంది.

జవాబు: కుక్కరు సంగతి తర్వాత. మీ ఉత్తరం చదువుతూ ఆ ‘20’ దగ్గర ఆగిపోయాను.

అక్కడ జీతం సాధారణంగా నెలాఖరున వేస్తారు. కానీ పేరోల్‌కి నెల మధ్యలో ఒక కటాఫ్ తేదీ ఉంటుంది. అది దాటాక చేరినవాళ్లకి ఆ పది రోజుల జీతం మరుసటి నెల జీతంతో కలిపి రావచ్చు. అంటే మీ చేతికి మొదటి పౌండు రావడానికి నలభై రోజులు పట్టొచ్చన్నమాట. ఇవాళే హెచ్‌ఆర్‌కి మెయిల్ పెట్టి, నా మొదటి జీతం ఏ తేదీన పడుతుందని అడగండి. మీరు పట్టుకెళ్లాల్సిన డబ్బు ఆ జవాబును బట్టే ఉంటుంది. వీసా కోసం 28 రోజులు ఖాతాలో చూపించమనే 1,270 పౌండ్లు ఉన్నాయి చూశారూ, వాటితో గడిచిపోతుందని మాత్రం అనుకోకండి.

ఆ నలభై రోజుల్లో పెద్ద ఖర్చు ఇల్లే. ఉదాహరణకి షేరింగ్ ఇంట్లో ఒక గది నెలకి 900 పౌండ్లు అనుకుందాం. అద్దె ముందే కట్టాలి కాబట్టి అది 900. డిపాజిట్ ఐదు వారాల అద్దె దాకా అడగొచ్చు. 900ని పన్నెండుతో గుణించి, 52తో భాగించి, ఐదుతో గుణిస్తే 1,038. తాళాలు చేతికొచ్చేసరికే దాదాపు 1,940 పౌండ్లు అయిపోయాయి. గది దొరికేదాకా ఓ రెండు వారాల బస, తిండి, రైలు ఛార్జీలు వీటికి అదనం. కంపెనీ రీలొకేషన్ కింద ఏమైనా ఇస్తుందేమో అడగండి. ముందే ఇస్తారా, బిల్లులు పెడితే తర్వాత ఇస్తారా అన్నది కూడా తేల్చుకోండి. తర్వాత ఇచ్చేదైతే మీ నలభై రోజులకి అది అక్కరకు రాదు.

ఇక కాగితాలు. నేను వెళ్లినప్పుడు వీసా కార్డు కోసం పది రోజుల్లోగా పోస్టాఫీసులో క్యూ కట్టాల్సి వచ్చేది. ఇప్పుడు ఆ కార్డులు లేవు, అంతా ఆన్‌లైన్‌లో ఉండే ఈ-వీసానే. విమానం ఎక్కకముందే యూకేవీఐ (బ్రిటన్ వీసాల విభాగం) అకౌంట్ తెరిచి, పేరు, పుట్టిన తేదీ, పాస్‌పోర్ట్ నంబరు అక్షరం పొల్లుపోకుండా ఉన్నాయో లేదో చూసుకోండి. మీకు అక్కడ పని చేసే, అద్దెకుండే హక్కు ఉందని ఎదుటివాళ్లు చూసుకోవడానికి అందులోంచే షేర్ కోడ్ తీయాలి. 90 రోజులు పనిచేస్తుంది. ఆఫీసుకిచ్చే కోడ్ ‘డబ్ల్యూ’తో మొదలవుతుంది, ఇంటి ఓనరుకిచ్చేది ‘ఆర్’తో. ఒకటి తీసి ఇద్దరికీ పంపితే కుదరదు. రేపు పాస్‌పోర్ట్ రెన్యువల్ చేయించుకుంటే కొత్త నంబరు అక్కడ కూడా ఎక్కించాలి.

బ్యాంకుల్లో కొన్ని అడ్రస్ ప్రూఫ్ లేనిదే ఖాతా తెరవవు. ఇల్లు అద్దెకిచ్చేవాళ్లేమో బ్యాంకు స్టేట్‌మెంట్ అడుగుతారు. ఈ గుడుగుడు గుంచం ప్రతివాళ్లూ ఆడతారు, మీరూ ఆడతారు. యాప్‌తో నడిచే బ్యాంకులు కాస్త నయం. ఉద్యోగం, జీతం, చేరే తేదీ రాసి ఆఫీసు లెటర్‌హెడ్ మీద ఒక ఉత్తరం తీసుకోండి. నాకు రెండుచోట్ల అదే పనికొచ్చింది.

నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు (పన్ను, సామాజిక బీమా లెక్కలకి వాడేది) రాలేదని కంగారు పడకండి, అది లేకుండానే పనిలో చేరొచ్చు. కానీ ఆఫీసువాళ్లు ఇచ్చే ‘స్టార్టర్ చెక్‌లిస్ట్’ ఫారం మాత్రం మొదటిరోజే నింపి ఇచ్చేయండి. నేను బద్ధకించి వారం తర్వాత ఇచ్చాను. పేరోల్ అప్పటికే మూసేశారు, నాకు ఎమర్జెన్సీ ట్యాక్స్ కోడ్ (వివరాలు అందనప్పుడు తాత్కాలికంగా పన్ను కోసే కోడ్) పడింది. పేస్లిప్ చూసి కళ్లు తిరిగాయి. తర్వాత సర్దుబాటు అయిందనుకోండి, కానీ డబ్బు బాగా అవసరమైన నెలలోనే తక్కువ పడింది.

వెళ్లగానే ఓటరుగా నమోదు చేసుకోండి. నవ్వకండి. కామన్వెల్త్ దేశం కాబట్టి, అక్కడ ఉంటున్న భారతీయులు ఓటు వేయొచ్చు. ఓటు సంగతి అలా ఉంచినా, ఓటర్ల జాబితాలో పేరు ఉంటే క్రెడిట్ చెక్‌లో మీరు ఫలానా అడ్రస్‌లో ఉన్న మనిషని తేలుతుంది. ఇక్కడి మీ సిబిల్ స్కోరు ఎంత గొప్పదైనా అక్కడ మీరు సున్నా నుంచి మొదలుపెట్టాల్సిందే.

మెట్రోలో ఎక్కేటప్పుడు ఏ కార్డు తాకించారో దిగేటప్పుడూ అదే తాకించండి. అదే బ్యాంకు కార్డు ఫోన్లో ఉన్నా, మెషీన్‌కి ఫోను వేరు, కార్డు వేరు. నేను కార్డుతో ఎక్కి ఫోనుతో దిగాను. ఒకటే ప్రయాణానికి రెండుసార్లు గరిష్ఠ ఛార్జీ లాగేసుకుంది. ఒకటే వాడితే రోజుకీ, సోమవారం నుంచి ఆదివారం దాకా వారానికీ ఇంతకు మించి పోకుండా పరిమితి ఉంటుంది.

ఇక్కడి పనులు రెండు మర్చిపోకండి. ఒకటి, మీ ఇండియా నంబరుకి రోమింగ్ ఆన్ చేయించి, రీచార్జ్ ఆగకుండా చూసుకోండి. ఓటీపీ రాకపోతే మీ డబ్బు మీకే అందదు. రెండు, ఉద్యోగానికి వెళ్తున్నారు కాబట్టి మీ సేవింగ్స్ ఖాతాని ఎన్‌ఆర్‌ఓ ఖాతాగా (విదేశాల్లో ఉండేవాళ్లకి ఇక్కడ ఉండే రూపాయల ఖాతా) మార్చమని బ్యాంకుకి రాసివ్వండి. చాలామంది ఏళ్ల తరబడి వదిలేస్తారు, అది రూల్‌కి విరుద్ధం.

ప్రశ్న: అక్కా, మా ఆయన నెల కిందటే లండన్ వెళ్లారు. నేనూ, ఆరేళ్ల పాపా నాలుగు నెలల తర్వాత వెళ్లాలి. వాట్సాప్‌లో ఒకాయన ఫ్లాట్ ఫొటోలు పంపి, రెండు నెలల అద్దె ఇవాళే వేస్తే మీకే ఉంచుతానంటున్నాడు. ఫొటోలు చాలా బాగున్నాయి. వేసేయమంటారా?

జవాబు: వద్దమ్మా. మీ ఆయన అక్కడే ఉన్నారు కదా, ఆదివారం రైలెక్కి వెళ్లి చూసి రమ్మనండి. ఆ పెద్దమనిషి “నేను ఊళ్లో లేను, డబ్బు వేస్తే తాళాలు కొరియర్ చేస్తా” అన్నాడంటే ఇక మాట్లాడేదేం లేదు, నంబరు బ్లాక్ చేసేయండి.

ఇంగ్లండ్‌లో 2019 నుంచి ఒక చట్టం ఉంది. ఇల్లు మీకోసం ఆపి ఉంచడానికి ఒక వారం అద్దె కంటే ఎక్కువ అడగకూడదు. ఏడాది అద్దె 50,000 పౌండ్ల లోపైతే డిపాజిట్ ఐదు వారాలు దాటకూడదు. కాగితాలు రాసినందుకు, సంతకాలు పెట్టించినందుకు అని ఏజెంటు ఫీజు వసూలు చేయకూడదు. ఇచ్చిన డిపాజిట్‌ని 30 రోజుల్లోగా ప్రభుత్వం ఆమోదించిన స్కీములో జమచేసి, ఆ వివరాలు మీకు ఇవ్వాలి. “మనవాళ్లమేగా, కాగితాలెందుకు” అనే ఓనర్లు కూడా తగులుతారు. మనవాళ్లైనా సరే కాగితం అడగండి.

చూడటానికి వెళ్లినప్పుడు వంటగది కంటే ముందు మీటరు చూడమనండి. నా మొదటి గదిలో కరెంటు మీటరు ప్రీపెయిడ్. ప్లాస్టిక్ తాళంచెవి లాంటిది ఒకటి ఇస్తారు. దాన్ని వీధి చివరి కొట్టుకి తీసుకెళ్లి డబ్బు వేయించుకుని, వచ్చి మీటర్లో గుచ్చాలి. నాకు ఓనరు చెప్పలేదు. ఒక మంగళవారం ఇంటి నుంచి పనిచేస్తున్నాను. పదిన్నరకి లైటూ, హీటరూ, వైఫై ఒక్కసారే పోయాయి. వీధంతా కరెంటు పోయిందేమోనని కిటికీలోంచి చూస్తే ఎదురింట్లో టీవీ ఆడుతోంది. పక్కగది అమ్మాయి టార్చ్ పట్టుకొచ్చి మెట్ల కింద అల్మరా తెరిస్తే గానీ ఆ మీటరు నా కంటపడలేదు. పది పౌండ్లు వేయించుకొచ్చి గుచ్చితే, పాత అద్దెదారు బాకీ కింద అందులో సగం పోయింది. కాబట్టి మీటరు అలాంటిదైతే చేరగానే కరెంటు కంపెనీకి ఫోన్ చేసి, మీ పేరు మీద కొత్త తాళంచెవి తీసుకోమనండి. మామూలు మీటరైతే మొదటిరోజే రీడింగు ఫొటో తీసి పెట్టుకోవాలి. కౌన్సిల్ ట్యాక్స్ (అక్కడి స్థానిక సంస్థకి కట్టే ఇంటిపన్ను) అద్దెలో కలిసి ఉందో లేదో కూడా అడగమనండి. ఇంట్లో పెద్దవాళ్లు ఒక్కరే ఉంటే 25 శాతం తగ్గుతుంది. మీరు వెళ్లేదాకా ఆయన ఒక్కరే ఉంటే అడిగి తగ్గించుకోవచ్చు.

పాప స్కూలుకి ఏడాది మధ్యలోనైనా కౌన్సిల్ ద్వారా దరఖాస్తు పెట్టొచ్చు, ప్రభుత్వ బడిలో ఫీజు ఉండదు. కానీ ఇల్లు ఖాయమయ్యాకే ఆ పని కదులుతుంది. మీ వీసాకి కావలసిన టీబీ సర్టిఫికెట్ ఆరు నెలలే చెల్లుతుంది, మరీ ముందే చేయించేసుకోకండి. హెల్త్ సర్‌ఛార్జ్ (అక్కడి ప్రభుత్వ వైద్యం కోసం వీసాతోపాటు కట్టేది) పెద్దవాళ్లకి ఏడాదికి 1,035 పౌండ్లు, పిల్లలకి 776. వీసా ఎన్నేళ్లదైతే అన్నేళ్లదీ ముందే కట్టాలి. మూడేళ్లకి మీ ఇద్దరిదీ 5,433. అది ఆయన కంపెనీ ఇస్తుందా, మీరే కట్టుకోవాలా అన్నది మెయిల్‌లో రాయించుకోండి.

ప్రశ్న: ఇండియా లైసెన్స్‌తో అక్కడ కారు నడపొచ్చా?

జవాబు: అక్కడ స్థిరపడిన రోజు నుంచి 12 నెలలు నడపొచ్చు. తర్వాత మన లైసెన్స్ ఇచ్చి వాళ్లది తీసుకునే వీలు లేదు, ప్రొవిజనల్ (మన ఎల్‌ఎల్‌ఆర్ లాంటిది) తీసుకుని టెస్టులు పాసవ్వాలి. అయినా లండన్ మధ్యలో పనిచేసేవాళ్లకి కారెందుకండీ!

ప్రశ్న: సామాన్లలో తప్పకుండా పెట్టుకోవాల్సినవి ఏమిటి? అమ్మ నెయ్యి సీసా పెడతానంటోంది.

జవాబు: సామాన్ల కంటే ముందు పళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లండి. ఎన్‌హెచ్‌ఎస్ (అక్కడి ప్రభుత్వ వైద్యం) కింద కొత్త పేషెంట్లను చేర్చుకునే డెంటిస్ట్ దొరకడం కష్టం, ప్రైవేటులో బిల్లు చూస్తే నొప్పి మర్చిపోతారు. కళ్లజోడు ఇంకోటి చేయించుకోండి. రోజూ వేసుకునే మందులుంటే ఇంగ్లీషులో డాక్టరు చీటీ ఉండాలి. జీపీ (అక్కడి ఫ్యామిలీ డాక్టరు) దగ్గర పేరు రాయించుకోవడానికి డబ్బు కట్టక్కర్లేదు, జబ్బు చేసేదాకా ఆగకండి. మూడు పలక పిన్నుల ప్లగ్గుకి సరిపోయే అడాప్టర్లు రెండు చాలు, వోల్టేజి మనదే.

పెద్ద జాకెట్టు అక్కడే కొనుక్కోండి, అక్కడి వానకీ గాలికీ తగ్గవి అక్కడే దొరుకుతాయి. డిసెంబర్లో నాలుగు కాకముందే పొద్దు గూకుతుంది. మొదటి చలికాలం ఆ చీకటికే ఎక్కువ బెంగపడ్డాను, చలికి కాదు.

నెయ్యి కుదరదని అమ్మకి చెప్పండి. ఇండియా నుంచి పాల పదార్థాలు, మాంసం పట్టుకెళ్లకూడదు. పాలకోవా, చికెన్ పచ్చడి కూడా అందులోకే వస్తాయి. ఆవకాయకి అభ్యంతరం లేదు. మూత చుట్టూ టేపు వేసి, రెండు కవర్లలో కట్టి, తెల్లచొక్కాలకి దూరంగా పెట్టండి.