కింది మొదటి మోలార్‌లో మూడో వేరు ఎక్స్‌రేలోనే తెలుస్తుందా?

చాలాసార్లు తెలుస్తుంది. 36 (కింద ఎడమవైపు మొదటి మోలార్) ఐఓపీఏలో, అంటే ఆ పంటికి తీసే చిన్న ఎక్స్‌రేలో, రెండు వేర్లే కనిపించాయి, తీరా రూట్ కెనాల్ కోసం పన్ను ఓపెన్ చేశాక మేడమ్ వచ్చి నాలుకవైపు ఇంకోటి చూపించారు అని మీరు రాశారు కదా, దాన్నే రేడిక్స్ ఎంటోమొలారిస్ అంటారు. 1844లోనే కారబెల్లి అనే దంతవైద్యుడు రాసిపెట్టిన సంగతి. యూరప్ వాళ్లలో 5 శాతం లోపే గానీ తైవాన్, కొరియా వైపు 20 శాతం పైమాటే, మన దగ్గర కూడా మరీ అరుదేం కాదు.

హౌస్ సర్జన్లు వేర్లు లెక్కపెట్టి ఆపేస్తారు. నేనైతే జూమ్ చేసి, డిస్టల్ (వెనకవైపు) వేరు పక్కన ఉండే పీడీఎల్ (వేరుని ఎముకకి పట్టి ఉంచే పొర) నల్లగీత వెంట పైనుంచి కొన దాకా దిగుతాను. ఒక వేరుకి అటొకటి, ఇటొకటి ఉండాలి. మూడో గీత వేరు మీదుగా ఏటవాలుగా దాటిందంటే అక్కడ ఇంకెవరో ఉన్నట్టే. మొన్న ఒకావిడ ఫిల్మ్‌లో ఆ గీత కూడా సరిగ్గా లేదు, కెనాల్ (వేరు లోపల నరం ఉండే సన్నటి దారి) నీడ మాత్రం వేరు మధ్యన కాకుండా ఒక పక్కకి ఒరిగి ఉంది, అంతే. ఎక్స్‌రే ట్యూబ్‌ని మీసియల్‌ (ముందు పళ్ల) వైపు ఓ 25 డిగ్రీలు జరిపి మళ్లీ తీయిస్తే సన్నటి పొట్టి వేరొకటి రెండింటి మధ్యలోకి వచ్చేసింది. నాలుకవైపుది ట్యూబ్ ఎటు జరిగితే అటే వస్తుంది, బుగ్గవైపుది ఎదురు పోతుంది, ఈ ఒక్క రూల్ వస్తే సగం టెన్షన్ పోతుంది. కాబట్టి ఓపెన్ చేయకముందే రెండో ఫిల్మ్ తీయండి, పేషెంట్ విసుక్కున్నా సరే.

అనుమానం అప్పటికీ తీరకపోతే చిన్న ఫీల్డ్ సీబీసీటీ (ఆ కొంత భాగానికే తీసే 3డీ స్కాన్) రాయొచ్చు, ప్రతి పన్నుకీ రాసేయడం మాత్రం నాకు నచ్చదు.

ఈ వేరు చాలావాటిలో బుగ్గవైపుకి వంగి ఉంటుంది, ఆ వంపు మామూలు ఎక్స్‌రేలో కనపడదు, ఫిల్మ్‌లో తిన్నగా ఉందని నమ్మి ఫైల్ (కెనాల్ శుభ్రం చేసే సన్నటి సూదిలాంటి పనిముట్టు) తోశారో లెడ్జ్ పడుతుంది, అంటే కెనాల్ గోడలో మెట్టు ఏర్పడుతుంది. అందుకే యాక్సెస్‌ని (పంటి పైన చేసే రంధ్రాన్ని) త్రికోణంలా వదిలేయకుండా డిస్టోలింగ్వల్ (వెనక, నాలుకవైపు) మూలకి కొంచెం పెంచి, 10 నంబర్ కె-ఫైల్ కొన వంచి మెల్లగా దించండి.

ప్రీమోలార్లలో (మోలార్లకి ముందుండే పళ్లలో) ఇంకో గుర్తు ఉంది: పైన స్పష్టంగా ఉన్న కెనాల్ వేరు మధ్యకొచ్చేసరికి ఒక్కసారిగా మాయమైతే, అది అక్కడ రెండుగా చీలిందేమో అనుకుని వెతకండి, మూసుకుపోయిందని వదిలేయకండి.