పాఠకుల ప్రశ్నలు: పాత డీబేస్ నుంచి మూడు కాలమ్‌ల జాబితా

ప్రశ్న: చెన్నై జనరల్ ప్యాటర్స్ రోడ్డులో మాకు మోటారు విడిభాగాల దుకాణం ఉంది. మా నాన్నగారి కాలం నుంచి సరుకు వివరాలన్నీ డీబేస్ త్రీ ప్లస్ అనే పాత డేటాబేస్ ప్రోగ్రాములోనే ఉన్నాయి. సుమారు 3,200 వస్తువులు. భాగం నంబరు, పేరు, అది ఏ అరలో ఉందో తెలిపే పట్టీని అచ్చు తీసి కౌంటరు దగ్గర వేలాడదీస్తాము. వరుసకు ఒక వస్తువు చొప్పున తీస్తే 49 పేజీలు అవుతున్నాయి, కుడివైపు సగం కాగితం ఖాళీగా పోతోంది. లేబుల్ ఫారంతో మూడేసి పక్కపక్కన వేయించి చూశాను. పేర్లు అడ్డంగా నడుస్తున్నాయి, వెతకలేకపోతున్నామని కౌంటరులోని కుర్రాళ్ళు గోల పెడుతున్నారు. నిఘంటువులో లాగా మొదటి కాలమ్ కిందిదాకా దిగిన తరువాత రెండోది పైనుంచి మొదలయ్యే మార్గం ఉందా? మాది 80 కాలమ్‌ల (అంటే వరుసకు 80 అక్షరాల) డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు, 10×12 అంగుళాల కాగితం. (ఒక పాఠకుడు, చెన్నై)

జవాబు: కుర్రాళ్ళ గోల న్యాయమైనదే. లేబుల్ ఫారం చిరునామా చీటీల కోసం పుట్టింది. చీటీని ఊడదీసి కవరుకు అంటించేస్తారు కనుక వాటి క్రమం అడ్డంగా నడిచినా నిలువుగా నడిచినా ఎవరికీ పట్టదు. వెతుక్కునే పట్టీ సంగతి వేరు. వేలు పైనుంచి కిందికి జారుతుంది, కన్ను దాని వెంట పోతుంది. 1985లో యాష్టన్-టేట్ సంస్థ విడుదల చేసిన త్రీ ప్లస్‌లో ఇలాంటి పట్టీకి సిద్ధంగా ఉన్న ఆదేశమేదీ లేదు కాబట్టి చిన్న ప్రోగ్రాము మీరే రాసుకోవాలి.

ముందుగా ఒక గొయ్యి చూపిస్తాను, ఎందుకంటే అందులో నేనూ పడ్డాను. చాలా ఏళ్ళ క్రితం ఒక ఆఫీసులో ఇలాంటి పట్టీనే, ఫలానా వరుసలో ఫలానా చోట వేయమని చెప్పే ఎట్-సే ఆదేశంతో రాశాను: మొదటి కాలమ్ మొత్తం అచ్చు వేసి, మళ్ళీ మొదటి వరుసకు పోయి రెండో కాలమ్ మొదలుపెట్టమన్నాను. తెర మీద ముచ్చటగా వచ్చింది. కాగితం మీద మాత్రం మొదటి కాలమ్ మొదటి పేజీలో ఎడమ అంచున, రెండోది రెండో పేజీ నడుమ, మూడోది మూడో పేజీలో కుడి అంచున వచ్చాయి. అచ్చయిన వరుస కంటే పై వరుసకు పొమ్మంటే డీబేస్ కాగితాన్ని వెనక్కి తిప్పదు, కొత్త పేజీకి వెళ్ళిపోతుంది. అందువల్ల చూసేవారికి పట్టీ నిలువుగా కనిపించినా ప్రింటరుకు మాత్రం అడ్డు వరుసలుగానే అందాలి; ఒక్కొక్క అడ్డు వరుసలో ఏ మూడు వస్తువులు పడాలో లెక్క కట్టడమే అసలు పని.

పేజీకి 90 వరుసలు అనుకుందాము. అప్పుడు మొదటి వరుసలో 1, 91, 181 నంబర్ల రికార్డులు (ఒక్కో వస్తువు వివరాలు ఒక రికార్డు), రెండో వరుసలో 2, 92, 182, చివరి వరుసలో 90, 180, 270 రావాలి. రెండో పేజీ 271, 361, 451తో మొదలవుతుంది. ప్రోగ్రాము ప్రతి వరుసకూ ఖాళీ మాటతో మొదలై, గో ఆదేశంతో ఆ మూడు రికార్డులకూ వెళ్ళి, వాటి వివరాలను ఆ మాటకు చేర్చి, ఒక్క ప్రశ్నార్థకం (?) ఆదేశంతో వరుసంతా ప్రింటరుకు పంపితే చాలు. పేజీకి 270 వస్తువులు. 49 పేజీల పట్టీ 12 పేజీలకు దిగుతుంది.

అయితే ఇండెక్సు (అక్షరక్రమం చూపే సూచిక) తెరిచి ఉన్నా గో ఆదేశం అక్షరక్రమాన్ని పట్టించుకోదు, రికార్డు ఫైలులో అసలు ఏ నంబరులో ఉందో అక్కడికే పోతుంది. కనుక పేరును అప్పర్‌తో పెద్దక్షరాలకు మార్చి దాని మీద ఇండెక్సు కట్టి, తొలగింపు గుర్తు ఉన్న రికార్డులు రాకుండా సెట్ డిలీటెడ్ ఆన్ చేసి, కాపీ టు ఆదేశంతో ఒక తాత్కాలిక ఫైలు తీయండి. అందులో రికార్డులు అక్షరక్రమంలోనే 1 నుంచి కూర్చుంటాయి. దానిని ఇండెక్సు లేకుండా తెరిచి అచ్చు వేయండి, పని అయ్యాక చెరిపేయండి. సెట్ టాక్ ఆఫ్ మరచిపోతే మీరు కట్టే ప్రతి లెక్కా పేర్ల మధ్య అచ్చయి కూర్చుంటుంది.

చివరి పేజీకి మీ లెక్క ప్రకారం 230 వస్తువులు మిగులుతాయి. 90 చొప్పునే పోతే మూడో కాలమ్ సగంలో తెగిపోయి వికారంగా ఉంటుంది కనుక, ఆ పేజీకి మాత్రం మిగిలినవాటిని మూడుతో భాగించి, పై పూర్ణ సంఖ్యను వరుసల లెక్కగా తీసుకోండి. 77, 77, 76గా సర్దుకుంటాయి. గో ఆదేశానికి ముందు ఆ నంబరు రెక్‌కౌంట్‌ను (మొత్తం రికార్డుల సంఖ్యను) దాటిందేమో పరీక్షించకపోతే ప్రోగ్రాము ఆఖరి వరుస దగ్గర తప్పు సందేశంతో ఆగిపోతుంది.

ఇక వెడల్పు. మామూలు అచ్చులో మీ ప్రింటరు 8 అంగుళాలలో 80 అక్షరాలు వేస్తుంది, అక్షరాలు ఇరుకుగా పడే కండెన్స్‌డ్ అచ్చులో 137 దాకా పడతాయి. నంబరుకు 10, పేరుకు 24, అరకు 6, నడుమ రెండు ఖాళీలు కలిపితే 42. మూడు కాలమ్‌లకు 126, కాలమ్‌ల మధ్య నాలుగేసి ఖాళీలు చేర్చితే 134. నాలుగో కాలమ్ కోసం పేర్లు కత్తిరించవద్దని నా సలహా. "బ్రేక్ షూ ఫ్రంట్", "బ్రేక్ షూ రియర్" రెండూ "బ్రేక్ షూ"గా మిగిలితే ఆ పట్టీ ఉండి లేనట్టే. పేర్లకు, చివరి ఖాళీలను కత్తిరించే ట్రిమ్ కూడా వాడవద్దు. డీబేస్ ఫీల్డు వెనుక ఉన్న ఖాళీలే కాలమ్‌లను నిటారుగా నిలబెడతాయి.

ఎప్సన్ సంకేతాలను పాటించే ప్రింటరైతే సీహెచ్‌ఆర్ 15 (సీహెచ్‌ఆర్ అంటే ఆ సంఖ్య గల సంకేతాన్ని ఇచ్చే ఫంక్షను) కండెన్స్‌డ్‌ను మొదలుపెడుతుంది, 18 ఆపుతుంది. సీహెచ్‌ఆర్ 27, దాని వెంట సున్నా అనే అక్షరం పంపితే అంగుళానికి 8 వరుసలు వస్తాయి. 12 అంగుళాల కాగితానికి 96. పైన శీర్షికకు మూడు, కింద అంచుకు మూడు పోగా మిగిలినవే మన 90. ఆ తరువాత సీహెచ్‌ఆర్ 27, పెద్ద సీ అక్షరం, సీహెచ్‌ఆర్ 96 పంపి పేజీ పొడవు చెప్పాలి. ఈ క్రమం తప్పకూడదు, ఎందుకంటే పొడవును ప్రింటరు అప్పటికి అమలులో ఉన్న వరుసల ఎడంతోనే కొలుస్తుంది. తారుమారైతే పేజీ పేజీకీ శీర్షిక జరిగిపోయి చిల్లుల గీత మీదికి వస్తుంది. ఇవన్నీ జంట ప్రశ్నార్థకంతో (??) పంపండి, అది కొత్త వరుస మొదలుపెట్టదు. కండెన్స్‌డ్ అచ్చు పాత రిబ్బనుతో అలుక్కుపోతుంది కనుక రిచీ స్ట్రీట్‌లో కొత్త రిబ్బను కొన్నాకే ఈ పని పెట్టుకోండి.

శీర్షికలో పేజీలోని మొదటి పేరు, చివరి పేరు వేయించండి. అక్షరం మారిన చోట తాత్కాలిక ఫైలులో ఇన్సర్ట్ బ్లాంక్‌తో ఒక ఖాళీ రికార్డు చేర్చితే చూపుకు ఊపిరి ఆడుతుంది, కాలమ్‌ల లెక్కా చెడదు. మహా అయితే 25 వరుసలు పెరుగుతాయి, 12 పేజీలు దాటవు.

ప్రశ్న: డీబేస్ తరహా డేటాబేస్ ప్రోగ్రామైన విజువల్ ఫాక్స్‌ప్రోలో కూడా ఇంత శ్రమ అవసరమా? (బెంగళూరు)

జవాబు: అక్కరలేదు. రిపోర్టు డిజైనరు పేజ్ సెటప్‌లో కాలమ్‌ల సంఖ్య ఇచ్చి, ప్రింట్ ఆర్డర్‌లో పైనుంచి కిందికి అన్నది ఎంచుకోండి.

ప్రశ్న: మా డాట్ మ్యాట్రిక్స్ ప్రింటరు మూలపడింది. డీబేస్‌ను డాస్‌బాక్స్‌లో (పాత డాస్ ప్రోగ్రాములను ఇప్పటి కంప్యూటరు మీద నడిపే సాఫ్ట్‌వేరులో) నడుపుతున్నాను, ఇంట్లో లేజర్ ప్రింటరు ఉంది, దానికి ఒక్క అక్షరం కూడా చేరడం లేదు. (మల్లేశ్వరం, బెంగళూరు)

జవాబు: మామూలు డాస్‌బాక్స్‌లో ప్రింటరు సదుపాయం లేదు. సెట్ ఆల్టర్నేట్ టు ఆదేశంతో ఒక ఫైలు పేరు ఇచ్చి, సెట్ ఆల్టర్నేట్ ఆన్ చేయండి. ప్రశ్నార్థకంతో పంపిన వరుసలన్నీ టెక్స్ట్ ఫైలులో పడతాయి. ఎట్-సే ద్వారా పంపినవి అందులోకి రావు, పై ప్రోగ్రాములో దానిని వద్దనడానికి ఇది రెండో కారణం. ప్రింటరు సంకేతాలు మాత్రం తీసేయండి. ఆ ఫైలును లిబ్రెఆఫీస్ రైటర్‌లో తెరిచి, ఏ4 కాగితానికి నాలుగు వైపులా ఒక సెంటీమీటరు అంచు వదిలి, కొరియర్ వంటి సమాన వెడల్పు ఫాంటును 6.5 పాయింట్లలో పెడితే 134 అక్షరాల వరుస విరగకుండా పడుతుంది. ప్రతి శీర్షికకు ముందు పేజ్ బ్రేక్‌ను చేత్తోనే పెట్టండి. 12 పేజీలకు అంతకంటే ఉపాయం అనవసరం.