కపీత్సా జీవితం రాస్తున్న నీకు

నాయనా,

రష్యన్ భౌతికవేత్త ప్యోత్ర్ కపీత్సా మీద నువ్వు పంపిన వ్యాసం ఆసాంతం చదివాను. మొదటి పేరాలోనే 1978 నోబెల్ బహుమతి తెచ్చి పెట్టేశావు. ఆ మనిషి తన చేతులతో ఏం చేశాడో మాత్రం చివరిదాకా కనిపించలేదు.

గాజు పాత్రలో ద్రవ హీలియం బుడబుడా మరుగుతూ ఉంటుంది. పైనున్న ఆవిరిని పంపుతో లాగేస్తుంటే అది ఇంకా చల్లబడుతుంది. 2.17 కెల్విన్ (సుమారు −271 డిగ్రీల సెల్సియస్) దగ్గర ఉన్నట్టుండి మరుగు ఆగిపోతుంది, ఒక్క బుడగ ఉండదు. వేడి ద్రవమంతటా చప్పున సర్దుకుపోతుంది కనుక లోపల బుడగ కట్టే వీలుండదు. ముందు నువ్వు రాయాల్సింది ఇది. తర్వాత, బాగా సానపట్టి ఒకదాని మీద ఒకటి పెట్టిన రెండు గాజు బిళ్ళలు. మధ్య సందు అర మైక్రాన్ (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). ఆ ఉష్ణోగ్రతకు పైన హీలియం ఆ సందులోంచి కదిలిందని తెలియడానికే నిమిషాలు పడుతుంది. ఉష్ణోగ్రత అంతకు కిందికి దిగిందా, బిళ్ళకు అతికిన గొట్టంలో హీలియం మట్టం కొన్ని సెకన్లలో సర్దుకుంటుంది. స్నిగ్ధత, అంటే ద్రవం పారకుండా అడ్డుకునే జిగట గుణం, కనీసం 1500 రెట్లు తగ్గిందని ఆయన లెక్క తేల్చాడు. పాఠకుణ్ణి ఆ బిళ్ళల ముందు కూర్చోబెట్టు, పేజీ పట్టినా పట్టనీ.

ఇంకో మాట, ఇది నన్ను బాధపెట్టింది. 1938 జనవరి 8 నాటి 'నేచర్' సైన్స్ పత్రికలో ఈ ప్రయోగం మీద కపీత్సా ఉత్తరంతో పాటే ఆలెన్, మైసెనర్ అనే ఇద్దరు భౌతికవేత్తల ఉత్తరమూ వచ్చింది. వాళ్ళూ అతిప్రవాహాన్నే, అంటే ద్రవం దాదాపు జిగటే లేకుండా పారడాన్నే, చూశారు. చూసింది కేంబ్రిడ్జిలో, కపీత్సా కోసమే కట్టిన మాండ్ ప్రయోగశాలలో. 1934లో స్వదేశం వెళ్ళిన ఆయన్ని సోవియట్ ప్రభుత్వం తిరిగి రానివ్వలేదు కదా! బహుమతి వాళ్ళకు రాలేదు. నువ్వు పేర్లయినా రాయలేదు. రాసి తీరాలి.

1938లోనే ఏప్రిల్ 28న సోవియట్ భౌతికవేత్త లాండావ్‌ను అరెస్టు చేస్తే, కపీత్సా అదే రోజు స్టాలిన్‌కు ఉత్తరం రాశాడు. మరుసటి ఏడాది తన పూచీకత్తు మీద విడిపించుకున్నాడు. 1941లో అతిప్రవాహ సిద్ధాంతం ఇచ్చింది ఆ లాండావే. దీన్ని నువ్వు రెండు వాక్యాల్లో దాటేశావు.

1946లో కపీత్సా పదవి పోయింది. ఊరి బయట ఇంట్లోనే ప్రయోగాలు చేసుకున్నాడు. ఆ ఏళ్ళను ఎగరగొట్టకు. నోబెల్ ఉపన్యాసంలో కూడా ఆయన శీతల భౌతికం వదిలేసి ప్లాస్మా (విద్యుదావేశం గల వేడి వాయువు) గురించి మాట్లాడాడు, అప్పుడు తన పని అదే కనుక. "జీవితాంతం హీలియంకే అంకితం" అన్న నీ వాక్యం కొట్టెయ్యి.

తిరగరాసి పంపు. స్నిగ్ధత భాగాన్ని ముందుగా ఎవరైనా ఫిజిక్స్ మాస్టారికి చూపించు.

ఆశీస్సులతో,
నీ బాబాయి