మెథడోన్ క్లినిక్ బిల్లింగ్ అకౌంట్ నీ చేతికొచ్చిందన్నావు కదా, ఇవి చదువు

చిన్నీ,

ముందు వాట్సాప్‌లో నాకు పంపిన ఆ స్క్రీన్‌షాట్ డిలీట్ చెయ్. నా ఫోన్లో నేను తీసేశాను. బిల్లుకి డబ్బివ్వకుండా తిప్పికొట్టిన ఆ డినయల్ ఎందుకొచ్చిందో చెప్పు పెద్దమ్మా అని పంపావు, అడగడం తప్పు కాదు, కానీ పైన పేషెంట్ పేరు, పుట్టిన తేదీ అన్నీ కనిపిస్తున్నాయి. ఇదివరకు నువ్వు బిల్లింగ్ చేసిన గుండె డాక్టర్ల అకౌంట్‌లో అయినా అది తప్పే, ఇక్కడైతే ఇంకా పెద్ద తప్పు. ఓపియాయిడ్ వ్యసనానికి, అంటే హెరాయిన్, కొన్ని నొప్పి మాత్రల లాంటి నల్లమందు జాతి మందుల వ్యసనానికి, చికిత్స చేసే చోట్లకి అమెరికాలో పేషెంట్ల వివరాలు కాపాడే హిపా చట్టం ఒక్కటే కాదు, 42 సీఎఫ్ఆర్ పార్ట్ 2 అని ఇంకో రూలుంది. ఫలానా మనిషి ఈ క్లినిక్‌కి వస్తాడన్న మాట కూడా అతని అనుమతి లేకుండా బయటికి పొక్కకూడదు. 2024లో దీన్ని కొంచెం సడలించారు, చికిత్సకీ బిల్లులకీ ఆఫీసు పనులకీ కలిపి ఒక్క సంతకం చాలన్నారు, క్లినిక్‌లన్నీ దానికి తగ్గట్టు మారడానికి 2026 ఫిబ్రవరి 16 దాకా గడువిచ్చారు. ఆ సంతకం ఫైల్లో ఉందో లేదో చూడకుండా ఇన్సూరెన్స్‌కి ఒక్క క్లెయిమ్ కూడా పంపకు.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణముంది. చాలా ఏళ్ల కిందట ఇక్కడ ఒహాయోలో నేను పనిచేసిన బిల్లింగ్ ఆఫీసులో, కొత్తగా చేరిన ఒకమ్మాయి నలభై డాలర్ల బాకీ కోసం ఒక పేషెంట్‌కి ఫోన్ చేసింది. ఫైల్లో ఉన్నది అతను పనిచేసే గోడౌన్ నంబరు. ఎవరో ఎత్తితే క్లినిక్ పేరు చెప్పి, తిరిగి చెయ్యమనండి అని పెట్టేసింది. పది రోజుల తర్వాత ఆయనే వచ్చి నలభై డాలర్లూ నోట్లుగా కౌంటర్ మీద పెట్టాడు. ఆ పని మానేశాననీ, అక్కడ అందరూ తనని చూసే చూపు మారిపోయిందనీ చెప్పి వెళ్లిపోయాడు, అరవలేదు కూడా. నువ్వు నైట్ షిఫ్ట్‌లో హైదరాబాద్ నుంచి చేసే కాల్ కూడా ఇలాంటి గోడౌన్లోనే మోగుతుంది. ఇంటి నంబరా, పని నంబరా, మెసేజ్ పెట్టొచ్చా అన్నది ముందు చూసుకో. అనుమానంగా ఉంటే పెట్టకు.

మీ అమ్మ మొన్న ఫోన్లో, మత్తు మాన్పించడానికి ఇంకో మత్తు ఇస్తారా అని నవ్వింది. ఆవిడకి తీరిగ్గా చెప్తాలే. నువ్వు మాత్రం అలా అనుకోకు. తెల్లవారుజామున ఐదున్నరకి క్లినిక్ బయట లైన్ చూడాలి నువ్వు, సగం మంది పని బూట్లతోనే నిలబడి ఉంటారు, ఏడింటికి షిఫ్ట్ ఎక్కాలి కదా. ఆ మెథడోన్ డోసు పడితే, మత్తు మానినప్పుడు వచ్చే ఒళ్లు నొప్పులు, వణుకు, వాంతులు లేకుండా రోజంతా పని చేసుకోగలరు.

ఇక కోడ్ల సంగతి. మెడికేర్, అంటే అరవై ఐదేళ్లు దాటినవాళ్లకీ కొందరు వికలాంగులకీ ఉండే ప్రభుత్వ ఇన్సూరెన్స్, 2020 జనవరి 1 నుంచి ఈ క్లినిక్‌లకి వారానికి ఒక బండిల్ కింద, అంటే మందూ కౌన్సెలింగూ అన్నీ కలిపి ఒకే మొత్తంగా, డబ్బిస్తోంది. మెథడోన్‌కి జీ2067, అలాంటిదే ఇంకో మందు, నోటితో తీసుకునే బుప్రినార్ఫిన్‌కి జీ2068. ప్లేస్ ఆఫ్ సర్వీస్, అంటే చికిత్స జరిగిన చోటు కోడ్, 58. డాక్టర్ ఆఫీసు విజిట్లు చేసిన అలవాటులో వాటి కోడ్ 11 కొట్టావంటే తిరిగొస్తుంది. మెడికేర్, పేదలకి ఉండే మెడికెయిడ్ రెండూ ఉన్నవాళ్లకి మెడికేరే ముందు. వీటికి పేషెంట్ దగ్గర కోపే, అంటే ప్రతిసారీ కట్టే వాటా, అడగకూడదు. మెడికేర్ పార్ట్ బీ డిడక్టిబుల్, అంటే ఏడాదికి ముందుగా పేషెంటే కట్టాల్సిన మొత్తం, మాత్రం ఉంటుంది.

నువ్వు పంపిన డినయల్ టేక్‌హోమ్ డోసులది, అంటే పేషెంట్ ఇంటికి తీసుకెళ్లేవి. అది కాస్త ఓపిగ్గా చదువు. 2024లో వచ్చిన కొత్త రూల్స్ ప్రకారం, చికిత్స మొదలైన 31వ రోజు నుంచి డాక్టర్ సరేనంటే 28 రోజుల డోసులు దాకా ఇంటికి ఇవ్వొచ్చు. రోజూ ఐదున్నరకి లైన్లో నిలబడాల్సిన మనిషి వేరే ఊళ్లో పని దొరికితే ఎలా వెళ్తాడు? నెల డోసులు చేతికొస్తే వెళ్లగలడు. అలా ఇచ్చినప్పుడు మొదటి వారానికి జీ2067 వేసి, మిగతా మూడు వారాలకి జీ2078 మూడు యూనిట్లు వెయ్యాలి. నువ్వు ఒక్క యూనిట్టే వేశావు. ఇలా మూడు నెలలు డబ్బు పోయిందనుకో, క్లినిక్ నడిపేవాళ్లు లెక్క చూసి టేక్‌హోమ్‌ల వల్ల మనకి నష్టమే అంటారు, తప్పు మనదని వాళ్లకి తెలీదు.

2025 జనవరి నుంచి ఇంకో మూడు కోడ్లు కలిశాయి. జీ0534 అంటే చికిత్సకి అడ్డుపడుతున్న బతుకు సమస్యలకి బయట సాయం చేసేవాళ్లతో కలపడం, జీ0535 చికిత్సకి ఎక్కడికి ఎలా వెళ్లాలో దారి చూపించడం, జీ0536 ఒకప్పుడు తనూ అందులోంచి బయటపడిన మనిషి తోడుగా ఉండటం. ఉద్యోగం వెతికిపెట్టాం, డబ్బివ్వండి అంటే ఎవరూ ఇవ్వరు. కానీ పని లేక బస్సు చార్జీలు కూడా లేక చికిత్స మానేస్తున్న మనిషిని కౌన్సెలర్, ఉద్యోగం వెతకడంలో ప్రభుత్వం తరఫున సాయం చేసే అమెరికన్ జాబ్ సెంటర్‌తో కలిపితే, చికిత్సకి అది ఎందుకు అవసరమైందో, ఎంతసేపు పట్టిందో నోట్‌లో రాస్తే, చూడాల్సిన కోడ్ జీ0534. వారం బండిల్‌కి అదనంగా, ముప్పై నిమిషాల లెక్కన బిల్ చేసే యాడ్ ఆన్‌లు ఈ మూడూ. కౌన్సెలర్లు ఈ పనులు ఎప్పటినుంచో ఊరికే చేస్తున్నారు, నోట్‌లో రాయరు, రాసినా బిల్లింగ్‌లో ఎవరూ చదవరు. నువ్వు చదువు. నోట్‌లో లేనిది మాత్రం వెయ్యకు, నీ మేనేజర్ చెప్పినా సరే.

డయాగ్నోసిస్ కోడ్ దగ్గర చెయ్యి వణకాలి. నేనొకసారి వణకలేదు. నడుం ఆపరేషన్ తర్వాత డాక్టర్ రాసిచ్చిన నొప్పి మాత్రలే వాడుతున్న ఒకావిడకి, ఓపియాయిడ్ నొప్పి మాత్రలు చాలాకాలంగా వాడుతున్నారని మాత్రమే చెప్పే జెడ్79.891 వెయ్యాల్సింది పోయి ఎఫ్11.20 వేశాను, అంటే వ్యసనం అని. డాక్టర్ ఆ మాట ఎక్కడా రాయలేదు, నేనే ఊహించుకున్నాను. ఆవిడ లైఫ్ ఇన్సూరెన్స్‌కి అప్లై చేసినప్పుడు బయటపడింది, సరిచేయడానికి నాలుగు నెలలు పట్టింది. ఇప్పటికీ ఆవిడ గొంతు గుర్తుంది నాకు. మానేసి నిలదొక్కుకున్నారని డాక్టర్ రాస్తే ఎఫ్11.21 ఉంది, పాతది కాపీ చేసుకుంటూ పోకు.

అప్పుడప్పుడు పేషెంట్లు బిల్లు గురించి మాట్లాడుతూనే ఏడుస్తారు, ఉద్యోగం పోతుందేమోనని. నువ్వు లాయర్‌వి కాదు, సలహా ఇవ్వకు, కౌన్సెలర్‌కి కలిపెయ్. కానీ నీకు తెలిసుండటం మంచిది. డాక్టర్ రాసిన మెథడోన్, బుప్రినార్ఫిన్ వాడుతున్నారన్న ఒక్క కారణంతో ఉద్యోగంలోంచి తీసేయడం, వైకల్యం ఉన్నవాళ్లపై వివక్ష చూపకూడదనే ఏడీఏ చట్టం మామూలుగా ఒప్పుకోదు, పదిహేను మంది కంటే తక్కువున్న కంపెనీలకి ఆ చట్టం వర్తించదు, కొన్ని పనులకి వేరే ఫెడరల్ రూల్సున్నాయి. పాత పోలీసు కేసుల వల్ల ఎవరూ పనివ్వకపోతే 1966 నుంచీ ఫెడరల్ బాండింగ్ ప్రోగ్రామ్ ఉంది, చేరిన మొదటి ఆరు నెలలు ఉద్యోగి దొంగతనం లాంటిది చేస్తే నష్టం పూడ్చే హామీ యజమానికి ఉచితంగా దొరుకుతుంది, దాని సంగతి జాబ్ సెంటర్ వాళ్లే చూస్తారు.

శుక్రవారం నీ షిఫ్ట్ మొదలవ్వకముందే ఫోన్ చెయ్, ఆ టేక్‌హోమ్ క్లెయిమ్ సరిచేసి పంపడం ఎలాగో చెప్తాను. పేర్లు లేకుండా, కోడ్లూ తేదీలే కాగితం మీద రాసుకుని చదివి వినిపించు.

పెద్దమ్మ