టెక్ సందేహాలు: వాట్సాప్‌లో మునిగిపోయిన పుస్తకాలు

ప్రశ్న: మేం ఆరుగురు స్నేహితులం. ఎవరు ఏం చదువుతున్నా వాట్సాప్ గ్రూపులో చెప్పుకుంటాం. తీరా కొత్త పుస్తకం మొదలుపెడదామనుకునే సరికి, ఆ పేరు ఎవరు చెప్పారో, ఎప్పుడు చెప్పారో దొరకదు. దీనికి మంచి యాప్ ఏదైనా ఉందా?

యాప్‌లకు కొదవ లేదు. అయితే ముందు గ్రూపు సెట్టింగుల్లో డిసప్పియరింగ్ మెసేజెస్ ఆన్‌లో ఉందేమో చూడండి. 24 గంటలు, 7 రోజులు, 90 రోజులు అని అందులో మూడు గడువులు ఉంటాయి. అది ఆన్‌లో ఉంటే ఎంత వెతికినా పాత సందేశం దొరకదు. స్టేటస్‌లో పెట్టిన పుస్తకం అట్టబొమ్మ సంగతి చెప్పనక్కర్లేదు, 24 గంటల్లో మాయం. సందేశానికి స్టార్ గుర్తు పెట్టుకోవచ్చు కానీ, అది మీ ఫోనులో మీకు మాత్రమే కనిపిస్తుంది. మిగతా ఐదుగురికి ఉపయోగం లేదు.

పోతున్నది పేర్లే అయితే యాప్ కూడా అక్కర్లేదు. ఒక గూగుల్ షీట్ తెరిచి, దాని లింకును గ్రూపు వివరణలో పెట్టండి. పుస్తకం, రచయిత, చెప్పినవారు, ఎవరికి నచ్చవచ్చు, ఎందుకు అని ఐదు నిలువు వరుసలు చాలు. వీటిలో నాలుగోదాన్ని మాత్రం ఖాళీగా వదలనివ్వకండి. ‘అందరూ చదవాలి’ అని ఆరుగురికీ కలిపి చెప్పిన పుస్తకాన్ని, మిగతావాళ్లు చదువుతారులే అనుకుని ఆరుగురూ వదిలేస్తారు. ఇది నేను మా స్నేహితుల మధ్య చాలాసార్లు చూశాను, ఆ వదిలేసిన వాళ్లలో నేనూ ఉన్నాను. అదే ‘నీకు సముద్ర ప్రయాణాలు ఇష్టం కదా, ఇది చూడు’ అని ఒకరి పేరు పెట్టి రాస్తే, ఆ ఒక్కరైనా తెరుస్తారు.

షీట్‌ను లింకు ఉన్న ఎవరైనా మార్చేలా వదలకుండా, ఆరుగురి ఈమెయిళ్లకు మాత్రమే ఎడిటర్ అనుమతి ఇవ్వండి. ఎవరైనా పొరపాటున వరుసలు చెరిపేసినా ఫైల్ మెనూలోని వెర్షన్ హిస్టరీలో పాత రూపం దొరుకుతుంది.

ఇక యాప్‌ల సంగతి. చదివిన పుస్తకాల జాబితాను స్నేహితులతో పంచుకునే గుడ్‌రీడ్స్ 2007లో మొదలై 2013లో అమెజాన్ చేతికి వెళ్లింది. అందులో మీ స్నేహితుల్లో సగం మంది ఇప్పటికే ఉండవచ్చు. దాని పెద్ద బలం అదే. చిక్కంతా పుస్తకానికి రేటింగ్‌గా ఇచ్చే చుక్కలతో (స్టార్లతో) వస్తుంది. గుడ్‌రీడ్స్ లెక్కలో రెండు చుక్కలంటే ‘పరవాలేదు’, మూడంటే ‘నచ్చింది’ అని అర్థం. కంప్యూటర్‌లో మౌస్‌ను చుక్కల మీదికి తీసుకెళితే ఆ మాటలు కనిపిస్తాయి. చాలామంది ఇది గమనించరు. దాంతో ప్రేమగా చెప్పిన పుస్తకానికి మూడు చుక్కలే వచ్చాయని అలిగేవాళ్లు ఉంటారు. ఇలాంటిదే మరో యాప్ స్టోరీగ్రాఫ్ పావు చుక్క వరకూ ఇవ్వనిస్తుంది. అంతకన్నా పనికొచ్చేది, పుస్తకం నడక నెమ్మదా వేగమా, మనసును బరువెక్కిస్తుందా తేలికపరుస్తుందా అని అందులో గుర్తు పెట్టుకునే ఏర్పాటు. స్నేహితుడికి పుస్తకం చెప్పేటప్పుడు చుక్కల కంటే ఈ సమాచారమే అక్కరకు వస్తుంది.

ఆరుగురూ ఒకే పుస్తకం కలిసి చదివే అలవాటుంటే స్టోరీగ్రాఫ్‌లోని బడ్డీ రీడ్ వాడి చూడండి. మీరు ఎంతవరకు చదివారో నమోదు చేస్తారు. అంతకు మించి ముందుకు వెళ్లినవారు రాసిన వ్యాఖ్యలు మీరు అక్కడికి చేరేదాకా తెరుచుకోవు. హంతకుడెవరో రెండో అధ్యాయంలోనే తెలిసిపోయే బాధ తప్పుతుంది. వాట్సాప్‌లో ఇలాంటి తాళం లేదు. టెలిగ్రామ్‌లో మాత్రం, రాసిన వాక్యాన్ని ఎంచుకుని స్పాయిలర్ నొక్కితే అది మసకబారుతుంది, చదవాలనుకున్నవారు దాని మీద తాకితే కనిపిస్తుంది.

ఇంటి నిండా ఉన్న పుస్తకాలకు జాబితా రాసుకోవాలనుకునే వారికి 2005 నాటి లైబ్రరీథింగ్ ఇప్పటికీ మంచిది. ప్రకటనలు వద్దు, పెద్ద కంపెనీ వద్దు అనుకుంటే బుక్‌విర్మ్ ఉంది. మాస్టడాన్ అనే సోషల్ నెట్‌వర్క్ వాడేవారు తమ ఖాతా నుంచే మిమ్మల్ని అనుసరించవచ్చు. అయితే ఆరుగురిలో ఇద్దరే చేరే చోటు ఎంత బాగున్నా మీకు పనికిరాదు. అందుకే నా ఓటు షీట్‌కే, కలిసి చదివే నెలల్లో మాత్రం స్టోరీగ్రాఫ్‌కు.

ప్రశ్న: ఆరోగ్యానికి సంబంధించిన పుస్తకం ఒకటి కిండిల్‌లో తెరిచాను. గంటలో ఇద్దరు స్నేహితులు ‘ఒంట్లో బాగానే ఉందా’ అని అడిగారు. వాళ్లకు ఎలా తెలిసింది?

ఈ-బుక్‌లు చదివే కిండిల్ కూడా గుడ్‌రీడ్స్ లాగే అమెజాన్‌దే. మీ రెండు ఖాతాలూ జతపడి ఉంటాయి. చదువుతున్న పుస్తకాన్ని దానంతట అదే నమోదు చేసే ఏర్పాటు ఆన్‌లో ఉంటే, మీరు తెరిచినది ‘ప్రస్తుతం చదువుతున్నవి’ జాబితాలోకి వెళ్లి స్నేహితులకు కనిపిస్తుంది. ముందు గుడ్‌రీడ్స్‌లో ఆ పుస్తకాన్ని జాబితా నుంచి తీసేయండి. తర్వాత కిండిల్ సెట్టింగుల్లో గుడ్‌రీడ్స్ జతను తెంచేయండి. ప్రొఫైల్‌ను స్నేహితులకే పరిమితం చేసే ప్రైవసీ సెట్టింగు ఉంది కానీ, మిమ్మల్ని పలకరించింది స్నేహితులే కాబట్టి దానివల్ల ఈ చిక్కు తీరదు.

భయంతో విస్పర్‌సింక్‌ను కూడా ఆపేయకండి. మీరు ఆపిన పేజీని మీ ఫోనుకూ కిండిల్‌కూ మధ్య గుర్తుంచడమే దాని పని, స్నేహితులకు ఏమీ చెప్పదు. నేనైతే చదివినది నా కోసం రాసుకోవడం, దాన్ని నలుగురికి చెప్పడం అనే రెండు పనుల్లో రెండోదాన్ని ఏ యంత్రానికీ అప్పగించను.

ప్రశ్న: గుడ్‌రీడ్స్ నుంచి స్టోరీగ్రాఫ్‌కు మారుదామని నా జాబితాను దించుకున్నాను. ఎక్సెల్‌లో తెరిస్తే తెలుగు పేర్లన్నీ పిచ్చి గీతలుగా కనిపిస్తున్నాయి. జాబితా పాడైనట్టేనా?

పాడవలేదు, ఎక్సెల్ తప్పుగా చదువుతోంది. ఆ సీఎస్‌వీ ఫైలు (కామాలతో విడదీసిన పట్టిక) యూటీఎఫ్-8 అనే అక్షర సంకేత పద్ధతిలో ఉంటుంది. అందులో ఒక్కో తెలుగు అక్షర సంకేతానికి మూడు బైట్లు పడతాయి. ఎక్సెల్ ఒక్కో బైటును ఒక్కో పాశ్చాత్య అక్షరంగా భావించడం వల్ల, నెత్తిన గీతలున్న లాటిన్ అక్షరాలూ డిగ్రీ గుర్తులూ బారులు తీరతాయి. ఫైలును రెండుసార్లు నొక్కి తెరవకుండా, ఖాళీ ఎక్సెల్ తెరిచి డేటా మెనూలో ‘ఫ్రమ్ టెక్స్ట్/సీఎస్‌వీ’ ఎంచుకోండి. ఫైల్ ఆరిజిన్ దగ్గర 65001 యూనికోడ్ పెట్టగానే తెలుగు తిరిగి వస్తుంది.

కానీ మారడానికి ఇదంతా అవసరమే లేదు. దించుకున్న ఫైలును తాకకుండా నేరుగా స్టోరీగ్రాఫ్‌కు ఎక్కించండి. గీతలు కనిపిస్తున్న ఫైలును ఎక్సెల్‌లో మార్చి సేవ్ చేశారా, అప్పుడు నిజంగానే పాడవుతుంది. 13 అంకెల ఐఎస్‌బీఎన్‌లను, అంటే పుస్తకాల గుర్తింపు సంఖ్యలను, సాధారణ సంఖ్యలుగా తీసుకుంటే ఎక్సెల్ వాటిని కుదించి చూపిస్తుంది, సీఎస్‌వీగా సేవ్ చేసినప్పుడు ఆ కుదించిన రూపమే మిగులుతుంది. ఏ పుస్తకం ఏదో పోల్చుకోవడానికి కొత్త యాప్‌కు బాగా ఉపయోగపడేది ఆ సంఖ్యే. ఇప్పటికే సేవ్ చేసి ఉంటే, కంప్యూటర్‌లో గుడ్‌రీడ్స్ వెబ్‌సైటుకు వెళ్లి మై బుక్స్‌లోని ‘ఇంపోర్ట్ అండ్ ఎక్స్‌పోర్ట్’ నుంచి మళ్లీ దించుకోండి. మారినా మారకపోయినా ఆరు నెలలకోసారి ఆ ఫైలు ఒకటి మీ దగ్గర ఉంచుకోండి.

ప్రశ్న: కొన్న ఈ-బుక్‌ను స్నేహితురాలికి పంపవచ్చా?

ఇతరులకు తెరుచుకోకుండా దుకాణం తాళం వేసిన ఫైలు అయితే ఆమె దగ్గర తెరుచుకోదు. మీరు కొన్నది చాలావరకు చదువుకునే అనుమతి మాత్రమే. దుకాణం ఉచితంగా ఇచ్చే నమూనా అధ్యాయం లింకు పంపండి. కాపీరైటు గడువు తీరిన పుస్తకమైతే ఉచిత ఈ-బుక్‌ల వెబ్‌సైటు ప్రాజెక్ట్ గూటెన్‌బర్గ్‌లో ఉందేమో చూసి, ఈపబ్ అనే ఈ-బుక్ రకం ఫైలు పంపవచ్చు. ఆమె దాన్ని అమెజాన్ సేవ సెండ్ టు కిండిల్ ద్వారా తన కిండిల్‌లోకి ఎక్కించుకుంటుంది. పాత ఈ-బుక్ రకమైన మోబి ఫైలు మాత్రం వద్దు, సెండ్ టు కిండిల్ దాన్ని తీసుకోవడం మానేసింది.