బాబు పాటలు చూస్తున్నాడు సరే, వింటున్నాడా?

డాక్టర్ సలహా – పిల్లల వైద్యం, తిరుపతి

ప్రశ్న: మాది పలమనేరు దగ్గర పల్లె. బాబుకు 20 నెలలు. పుట్టినప్పుడు పచ్చకామెర్లు బాగా ఎక్కువై లైటు కింద పెట్టారు, రక్తం కూడా మార్చారు. వినికిడి పరీక్ష పాసయ్యాడని రాసిచ్చారు. నడక, ఆటలు అన్నీ బాగున్నాయి. మాటలు మాత్రం రాలేదు, ‘మ్మ’ అంటాడంతే. ఫోన్‌లో రైమ్స్ పెడితే కదలకుండా చూస్తాడు. పిలిస్తే ఒక్కోసారి తిరుగుతాడు, ఒక్కోసారి తిరగడు. వాళ్ళ నాన్నకు కూడా మూడేళ్ళకే మాటలు వచ్చాయంట. మాది మేనరికం. చూపు, వినికిడి రెండూ కలిపి నేర్పే ఫ్లాష్‌కార్డు వీడియోలు రోజూ గంటసేపు చూపిస్తే మెదడు పెరుగుతుందని చెప్తున్నారు. ఏవి చూపించమంటారు? వాళ్ళ అవ్వ వస అరగదీసి బాబు చేత నాకిస్తోంది, మంచిదేనా?

జవాబు: అమ్మా, వీడియోల సంగతి తర్వాత చూద్దాం. రక్తం మార్చేంత కామెర్లు, మేనరికం, పిలిస్తే ఒక్కోసారే తిరగడం... మీరు మాటల మధ్యలో రాసి వదిలేసిన ఈ మూడూ నన్ను ఆపేశాయి. బాబుకు వెంటనే బేరా పరీక్ష చేయించండి. శబ్దం చెవి నుంచి నరం గుండా మెదడు దాకా చేరుతోందా అని చూసేది అది.

పుట్టినప్పుడే పాసయ్యాడు కదా అంటారు. చాలా ఆసుపత్రుల్లో పసిబిడ్డలకు చేసేది ఓఏఈ. చెవిలో చిన్న గొట్టం పెట్టి, లోపలి చెవిలోని కణాలు శబ్దానికి బదులిస్తున్నాయా అని చూస్తారు. అక్కడి నుంచి మెదడుకు వెళ్ళే నరం ఎలా ఉందో ఆ పరీక్షకు తెలియదు. కామెర్లు ముదిరినప్పుడు వినికిడిలో దెబ్బతినేది ముఖ్యంగా ఆ నరం దారే. అందుకే ఇలాంటి పిల్లల్లో ఓఏఈ బాగానే ఉండి, బేరాలో తేడా రావచ్చు. వాళ్ళకు శబ్దం అందుతుంది, మాట విడివిడిగా అందదు. ఒకరోజు విన్నట్టుంటారు, మరోరోజు విననట్టుంటారు. మీ బాబుకు ఇదే ఉందని నేను అనడం లేదు, చూడకుండా అనకూడదు కూడా. లేదని తేల్చుకోమంటున్నాను.

ఇక మేనరికం. మిమ్మల్ని తప్పు పట్టడానికి కాదు. తల్లిలోనూ తండ్రిలోనూ దాగి ఉన్న ఒకే జన్యులోపం బిడ్డకు రెండు వైపుల నుంచీ రావడానికి అవకాశం ఎక్కువ. వినికిడి లోపాల్లో కొన్ని ఇలా వచ్చేవే. పుట్టినప్పుడు బాగానే ఉండి తర్వాత బయటపడేవీ వాటిలో ఉన్నాయి.

ఫోన్ చూస్తున్నాడు కాబట్టి వింటున్నాడు అనుకోకండి. ఈ సాయంత్రం అదే రైమ్ శబ్దం పూర్తిగా ఆపేసి పెట్టండి. అంతే శ్రద్ధగా చూస్తే వాడిని కట్టిపడేసింది రంగులూ కదలికలే కావచ్చు. ఇంకోటి, పళ్ళెం మోగించి ‘ఇదిగో తిరిగాడు’ అని సంబరపడకండి. నేల అదిరినా, గోడ మీద నీడ కదిలినా పిల్లలు తిరుగుతారు. వెనక నుంచి, వాడికి కనపడకుండా, మామూలు గొంతుతో పేరు పిలిచి చూడండి. అయితే తిరిగినా పరీక్ష మానొద్దు.

మీ అసలు ప్రశ్నకు వస్తాను. చూపునూ శబ్దాన్నీ కలపడం ఎవరూ కూర్చోబెట్టి నేర్పేది కాదు. నాలుగైదు నెలల బిడ్డ ముందు రెండు ముఖాలు పక్కపక్కన చూపించి, ఒకటి ‘ఆ’ అంటున్నట్టు, ఇంకోటి ‘ఈ’ అంటున్నట్టు పెదవులు కదిలిస్తుంటే, వినిపిస్తున్న శబ్దానికి సరిపోయే ముఖాన్నే ఎక్కువసేపు చూస్తుందని 1982లోనే తేలింది. ఎనిమిదో నెల వచ్చేసరికి పిల్లలు ఎదుటివారి కళ్ళను వదిలి నోటిని గమనిస్తుంటారు. మాటలు నేర్చుకునే కాలం అది. ఈ కలపడం అక్కడితో పూర్తి కాదు, బడి వయసు దాటేదాకా పదునెక్కుతూనే ఉంటుంది. 1976లో మెక్‌గర్క్, మెక్‌డొనాల్డ్ అనే ఇద్దరు ‘గ’ అంటున్న నోటి బొమ్మకు ‘బ’ శబ్దం జతచేసి వినిపించారు. పెద్దవాళ్ళలో ఎక్కువమందికి ‘ద’ అని వినపడింది! చిన్నపిల్లలు అంతగా మోసపోలేదు, ఎందుకంటే వాళ్ళ మెదడు కంటిని ఇంకా అంతగా లెక్కలోకి తీసుకోదు.

మీకు చెప్పాల్సింది దీని తర్వాతి భాగం. పుట్టు చెవుడు ఉండి కాక్లియర్ ఇంప్లాంట్ (ఆపరేషన్ చేసి లోపలి చెవిలో అమర్చే వినికిడి పరికరం) పెట్టించుకున్న పిల్లలకు ఇదే పరీక్ష పెట్టి 2005లో ఫలితాలు ప్రచురించారు. రెండున్నరేళ్ళ లోపు ఇంప్లాంట్ పడిన పిల్లల్లోనే పెదవినీ శబ్దాన్నీ కలుపుకునే శక్తి నిలకడగా కనిపించింది. ఆలస్యంగా పెట్టినవాళ్ళు ఎక్కువగా కంటి మీదే ఆధారపడ్డారు. వినికిడి లోపాన్ని నెల లోపు పరీక్షించి, మూడు నెలల లోపు నిర్ధారించి, ఆరు నెలల లోపు చికిత్స మొదలుపెట్టాలన్నది మా లెక్క. మీ బాబుకు 20 నెలలు. ‘వాళ్ళ నాన్నకూ ఆలస్యమే’, ‘మగపిల్లలు అంతే’ అనే మాటలు మా ఓపీలో వినని రోజు లేదు. అలా అనుకుంటూ మూడో పుట్టినరోజు దాటాక తెచ్చేవాళ్ళను చూస్తే కోపం రాదు కానీ బాధేస్తుంది. కాణిపాకంలో మొక్కు ఉంటే తీర్చుకోండి, నాకేం అభ్యంతరం లేదు. పరీక్ష అయ్యాక వెళ్ళండి.

వస ఈరోజే ఆపేయండి. పసిపిల్లలకు వాంతులు, మత్తు రావచ్చు. మాటకు అది మందు కాదు. మెడికల్ షాపులో అడిగి మెదడు టానిక్కులు, చెవి చుక్కలు తెచ్చి వేయడం, కాచిన నూనె పోయడం కూడా వద్దు.

వీడియోలా? రెండేళ్ళ లోపు పిల్లలకు తెర అసలు వద్దని భారత పిల్లల వైద్యుల సంఘం 2021లో చెప్పింది. ఫ్లాష్‌కార్డు వీడియోలో ఏనుగు బొమ్మ ఒకచోట ఉంటుంది, గొంతు ఎక్కడి నుంచో వస్తుంది, పలికే నోరు కనపడదు. పైగా బిడ్డ బదులిచ్చేదాకా అది ఆగదు. మీరు చేయగలిగింది అంతకన్నా మేలైనది. వెలుతురు మీ ముఖం మీద పడేలా, వాడి ఎత్తుకు కూర్చోండి. వాడు కుక్కను చూస్తున్న క్షణంలోనే ‘కుక్క’ అనండి, వాడు చూపు తిప్పేశాక కాదు. టీవీ ఆపేసి ఉండాలి.

తిరుపతిలో రుయా, స్విమ్స్ ఈఎన్‌టీ ఓపీల్లో అడగండి, ముందు ఫోన్ చేసి బేరా ఏ రోజు చేస్తారో కనుక్కుని రండి. వేలూరు దగ్గరనిపిస్తే అక్కడికే వెళ్ళండి. తలకు చిన్న వైర్లు అతికించి, బాబు నిద్రలో ఉండగా తీస్తారు. నొప్పి, షాక్ ఏమీ ఉండవు. నిద్రమందు ఇంట్లో పట్టించి తీసుకురాకండి, అక్కడే డాక్టరు చూసి ఇస్తారు. లోపం తేలితే వినికిడి యంత్రం, ఇంప్లాంట్, స్పీచ్ థెరపీలో ఏది అవసరమో వాళ్ళు చెప్తారు. ప్రభుత్వ పథకాల్లో ఇంప్లాంట్‌కు వయసు పరిమితి ఉంటుంది, అదీ గుర్తుంచుకోండి. తల్లిని పక్కన కూర్చోబెట్టుకుని చిన్నపిల్లలకు మాట నేర్పే టీటీడీ వారి శ్రవణం కేంద్రం కూడా తిరుపతిలోనే ఉంది.

బేరా బాగుంటే సంతోషం, కానీ అక్కడితో ఆగకండి. వేలితో చూపిస్తాడా, కళ్ళలోకి చూస్తాడా, మీతో కలిసి ఆడతాడా అన్నవి పిల్లల డాక్టరు చూడాలి. పిలిస్తే పలకకపోవడానికి ఆటిజం లాంటి కారణాలూ ఉంటాయి.

నేను ఉత్తరం చదివి రాస్తున్నాను, బాబును చూసిన డాక్టరు మాటే లెక్క. వచ్చేటప్పుడు పుట్టినప్పటి డిశ్చార్జి కాగితం తప్పకుండా తెచ్చుకోండి. బిలిరుబిన్ (రక్తంలో కామెర్ల మోతాదు) ఎంతదాకా వెళ్ళింది, వినికిడిని దెబ్బతీయగల జెంటామైసిన్, అమికాసిన్ లాంటి ఇంజెక్షన్లు ఇచ్చి ఉంటే ఎన్ని రోజులు ఇచ్చారు అన్నది దాంట్లో ఉంటుంది. కాగితం పోయి ఉంటే ఆ ఆసుపత్రి రికార్డుల గదిలో అడిగి నకలు తీసుకోండి.